డెస్క్‌టాప్ ప్రోగ్రామర్లు బ్రౌజర్ లైబ్రరీ ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో మిల్లులకు, కొట్లకు, సొసైటీలకు ఏళ్ల తరబడి విజువల్ బేసిక్ (వీబీ)లోనో డెల్ఫీలోనో విన్‌ఫామ్స్‌లోనో డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ రాసి బతికినవాళ్లు చాలామందే ఉన్నారు. నేనూ వాళ్లలో ఒకడిని. "ఇక బ్రౌజర్‌లోకి వెళ్లక తప్పదు, ఏ లైబ్రరీ పట్టుకోమంటారు?" అని ఫోన్లు వస్తూనే ఉంటాయి. లైబ్రరీ అంటే బ్రౌజర్‌లో స్క్రీన్లు కట్టడానికి ముందే రాసిపెట్టిన కోడ్. అడిగేవాళ్లు మారతారు గానీ సందేహాలు అవే. అందుకే ఒకచోట రాసి పెట్టాను. మీరు ఏ దశలో ఉంటే అక్కడి నుంచే చదువుకోవచ్చు.

## మొదలుపెట్టక ముందు

పదిహేనేళ్లు వీబీ, డెల్ఫీ చేశాను. ఇప్పుడు మళ్లీ ఓనమాల నుంచి నేర్చుకోవాలా?

అక్కర్లేదు. బిల్లు సేవ్ అయ్యేటప్పుడు సగంలో కరెంటు పోతే ఏం కావాలి, ఒకే లాట్‌ని ఇద్దరు ఒకేసారి దిద్దితే ఎవరిది నిలవాలి, ఆపరేటర్ ఏ గడి దగ్గర తప్పు చేస్తాడు, ఇవన్నీ మీకు తెలుసు. నాలుగు నెలల కోర్సు చేసి వచ్చిన కుర్రాడికి ఇవి తెలియవు. మీకు కొత్తవి నాలుగే: స్క్రీన్ సైజుని బట్టి సర్దుకునే లేఅవుట్, జవాబు కోసం ఆగకుండా నడిచే కోడ్, రీఫ్రెష్ కొడితే మెమరీలో ఉన్నదంతా పోవడం, బ్రౌజర్‌కి పంపిన కోడ్ ఎవరైనా తెరిచి చూడగలగడం. రోజుకు రెండు గంటలు కుదురుగా కూర్చున్నవాళ్లు రెండు మూడు నెలల్లో పనికొచ్చే స్క్రీన్ కట్టడం నేను చూశాను.

ఉన్న సాఫ్ట్‌వేర్ బాగానే నడుస్తోంది. అసలు మారాల్సిన అవసరం ఉందా?

నడుస్తున్నదాన్ని ఊరికే కదపకండి. వీబీ 6 ఎడిటర్‌కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2008 ఏప్రిల్‌లోనే ఆగిపోయింది. అయినా ఆ ప్రోగ్రాములు నడవడానికి కావాల్సిన రన్‌టైమ్ ఇప్పటి విండోస్‌లో కూడా ఉంది. కాబట్టి రేపటికల్లా ఆగిపోతుందన్న టెన్షన్ వద్దు. యజమాని విశాఖలో కూర్చుని రాజాం మిల్లు స్టాకు ఫోన్‌లో చూడాలన్నా, పది మెషీన్లకు తిరిగి తిరిగి కొత్త వెర్షన్ ఎక్కించడం మీ వల్ల కాకపోయినా, మీ తర్వాత ఆ కోడ్ చూసే మనిషి దొరకకపోయినా అప్పుడు మారండి. ఒక గదిలో ఒక మెషీన్, ఒక ఆపరేటర్ ఉన్నచోట డెస్క్‌టాపే మేలని నేను ఇప్పటికీ చెబుతాను.

జావాస్క్రిప్ట్ నేర్చుకోవాలా, టైప్‌స్క్రిప్టా?

బ్రౌజర్ భాష జావాస్క్రిప్ట్ ఒక వారం చూసి, దానికే డేటా రకాల తనిఖీ చేర్చిన టైప్‌స్క్రిప్ట్‌లోకి నేరుగా వచ్చేయండి. 2012లో వచ్చిన ఈ భాషని మైక్రోసాఫ్ట్‌లో రూపొందించినవారిలో ముఖ్యుడు ఆండర్స్ హేల్స్‌బర్గ్. టర్బో పాస్కల్ రాసింది, డెల్ఫీకి ప్రధాన రూపశిల్పి, తర్వాత సీషార్ప్‌ని తీర్చిదిద్దింది కూడా ఆయనే. డెల్ఫీ నుంచి వచ్చినవాళ్లకు టైప్‌స్క్రిప్ట్ అంత త్వరగా చేతికి అలవాటు కావడంలో వింత లేదు. ఫీల్డు పేరులో ఒక అక్షరం తప్పు కొడితే కంపైల్ దశలోనే పట్టుకునే అలవాటు మనది. దాన్ని వదులుకోవద్దు.

లైబ్రరీ లేకుండా ఉత్త హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్‌తో చేయలేమా?

రెండు మూడు ఫారాలు, ఒక రిపోర్టు అయితే చేయొచ్చు, హాయిగా ఉంటుంది కూడా. స్క్రీన్ మీద ఒక అంకె మారితే ఇంకో ఐదు చోట్ల మారాల్సి వచ్చినప్పుడు ఇబ్బంది మొదలవుతుంది. బరువు మారితే మొత్తం, తరుగు, పన్ను, బాకీ, కింద బటన్ రంగు, అన్నీ మీరే గుర్తుపెట్టుకుని మార్చాలి. ఆ గుర్తుపెట్టుకునే పని మీ నెత్తిన పడకుండా చూడటానికే ఈ లైబ్రరీలన్నీ పుట్టాయి.

## ఎంచుకునేటప్పుడు

రియాక్ట్, వ్యూ, యాంగ్యులర్, స్వెల్ట్ అంటున్నారు. మీరైతే ఏది తీసుకోమంటారు?

ఒక్కరే గానీ ఇద్దరు ముగ్గురు కలిసి గానీ సొంత కస్టమర్లకు డేటా ఎంట్రీ సాఫ్ట్‌వేర్ రాస్తున్నట్లయితే వ్యూ తీసుకోండి. 2014లో ఇవాన్ యూ అనే ఆయన మొదలుపెట్టారు, ఇప్పుడున్నది మూడో తరం. గడిని, వేరియబుల్‌ని ఒక్క మాటతో ముడివేస్తే గడిలో కొట్టింది వేరియబుల్‌లోకి, వేరియబుల్ మారితే గడిలోకి వచ్చేస్తుంది. డబ్ల్యూపీఎఫ్‌లో (విండోస్ స్క్రీన్లు కట్టే మైక్రోసాఫ్ట్ సాధనం) ఇలాంటి ముడి, అంటే బైండింగ్, రాసినవాళ్లకు ఇది సొంతింటికి వచ్చినట్టే ఉంటుంది. పైగా ప్రతి ప్రాపర్టీకీ మార్పు కబురు పంపే కోడ్ రాసే బాధ లేదు.

పదిమంది టీమ్, జావా లేదా డాట్‌నెట్ క్రమశిక్షణ, వందకు పైగా స్క్రీన్లు ఉంటే యాంగ్యులర్. ఫారాలు, రూటింగ్ (చిరునామాని బట్టి స్క్రీన్ మార్చడం), సర్వర్‌తో మాట్లాడటం, డిపెండెన్సీ ఇంజెక్షన్ (ఒక భాగానికి కావాల్సినవి బయటి నుంచి అందించడం) అన్నీ ఒకే పెట్టెలో వస్తాయి. ఏది ఎలా చేయాలో అదే చెబుతుంది కాబట్టి పదిమందీ ఒకే పద్ధతిలో రాస్తారు. మొదట్లో నేర్చుకోవాల్సింది మాత్రం ఎక్కువ.

మనుషులు దొరకడం ముఖ్యమైతే రియాక్ట్. ఫేస్‌బుక్ 2013లో బయటపెట్టింది. చుట్టూ ఉన్న సరంజామా, తెలిసిన కుర్రాళ్లు దీనికే ఎక్కువ. అయితే ఫారాలకు ఒకటి, రూటింగ్‌కి ఒకటి, డేటాకి ఒకటి విడివిడిగా మీరే ఏరుకోవాలి.

స్వెల్ట్ రాయడానికి ముచ్చటగా ఉంటుంది, తక్కువ కోడ్‌తో పని అవుతుంది. కానీ మన దగ్గర అది తెలిసినవాళ్లు దొరకడం కష్టం. మీకు జ్వరం వస్తే కస్టమర్ ఫోన్ ఎత్తేది ఎవరో ఆలోచించి తీసుకోండి.

రియాక్ట్ కోడ్ చూస్తే అయోమయంగా ఉంది. నాకే ఎక్కడం లేదా?

మీ తప్పు కాదు. మనకు అలవాటైన పద్ధతి వేరు. లేబుల్‌ని పేరు పెట్టి పిలిచి, దాని టెక్స్ట్ మార్చు అని చెప్పడం మనకు తెలిసిన దారి. రియాక్ట్‌లో లేబుల్‌ని ఎవరూ ముట్టుకోరు. "డేటా ఇలా ఉంటే స్క్రీన్ ఇలా ఉండాలి" అని ఒక ఫంక్షన్ రాసి పెడతారు. డేటా మారినప్పుడల్లా ఆ ఫంక్షన్ మళ్లీ నడుస్తుంది, తేడా ఉన్నచోట మాత్రమే స్క్రీన్ మారుతుంది.

ఇక్కడ మనవాళ్లు తగిలించుకునే మొదటి దెబ్బ ఇది. బిల్లు వరుసల జాబితాలోకి కొత్త వరుస చేరుస్తారు, స్క్రీన్ మీద ఏమీ రాదు. జాబితా లోపల మారినా జాబితా అదే కాబట్టి రియాక్ట్‌కి మార్పు కనబడదు. పాత వరుసలు, కొత్త వరుస కలిపి కొత్త జాబితా చేసి ఇవ్వాలి. ఈ ఒక్క విషయం ఒంటబట్టడానికి నాకు పది రోజులు పట్టింది. ఆ తర్వాత కోడ్ చదువుతుంటే భయం పోయింది.

మాకు సీషార్ప్ తప్ప ఇంకోటి రాదు. బ్లేజర్ చాలదా?

చాలాచోట్ల చాలుతుంది. సీషార్ప్‌తోనే బ్రౌజర్ స్క్రీన్లు కట్టనిచ్చే మైక్రోసాఫ్ట్ సాధనం అది. కానీ దానిలో రెండు రకాలు ఉన్నాయి, తేడా తెలుసుకుని దిగండి. బ్లేజర్ సర్వర్‌లో ప్రతి క్లిక్కూ సర్వర్ దాకా వెళ్లి వస్తుంది, స్క్రీన్ స్థితి అంతా సర్వర్ మెమరీలో ఉంటుంది. ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌లో ఇది హాయిగా నడుస్తుంది. సాలూరు వైపు మొబైల్ డేటా మీద నడిపితే మాత్రం సిగ్నల్ తగ్గినప్పుడల్లా తెర మీద మళ్లీ కనెక్ట్ అవుతున్నానంటూ పొర కప్పేస్తుంది, ఆపరేటర్ చేయి ఆగిపోతుంది. రెండోది బ్లేజర్ వెబ్‌అసెంబ్లీ, 2020లో స్థిరపడింది. ఇది పూర్తిగా బ్రౌజర్‌లోనే నడుస్తుంది గానీ మొదటిసారి తెరిచేటప్పుడు డాట్‌నెట్ రన్‌టైమ్‌ని కూడా దింపుకుంటుంది కాబట్టి నెమ్మది. రోజంతా ఒకే మెషీన్ మీద పనిచేసే ఆఫీసు సాఫ్ట్‌వేర్‌కి అదేమంత బరువు కాదు. ఫోన్లో ఒక్క నిమిషం తెరిచి మూసే పేజీకి మాత్రం వద్దు.

ఇవి రెండేళ్లకోసారి మారిపోతాయట. సిల్వర్‌లైట్‌లా మునిగిపోతే మా గతేంటి?

భయం న్యాయమైనదే. బ్రౌజర్‌లో ప్రోగ్రాములు నడపడానికి మైక్రోసాఫ్ట్ తెచ్చిన సిల్వర్‌లైట్‌కి మద్దతు 2021 అక్టోబర్‌తో ముగిసింది, దాన్ని నమ్ముకున్నవాళ్లు మొత్తం తిరగరాసుకున్నారు. పాత యాంగ్యులర్‌జేఎస్‌ది కూడా 2021 డిసెంబర్‌తో అయిపోయింది. 2016లో వచ్చిన కొత్త యాంగ్యులర్ దానికి కొనసాగింపు కాదు, వేరే వస్తువు. వ్యూ 2 మద్దతు 2023 చివరితో ఆగింది, కానీ వ్యూ 3కి మారడం అంత ఘోరం కాలేదు. రియాక్ట్ ఈ విషయంలో మెరుగు: 2019కి ముందు పద్ధతిలో, క్లాసులతో రాసిన కాంపొనెంట్లు (స్క్రీన్ ముక్కలు) ఇప్పటికీ నడుస్తున్నాయి.

నేను పాటించే జాగ్రత్త ఒకటి చెబుతాను. తరుగు లెక్క, పన్ను లెక్క, గ్రేడు నియమాలు ఏ లైబ్రరీ పేరూ ఎరగని ఉత్త టైప్‌స్క్రిప్ట్ ఫైళ్లలో రాస్తాను. స్క్రీన్ పొర పల్చగా ఉంచుతాను. రేపు లైబ్రరీ మార్చాల్సి వచ్చినా తిరగరాసేది ఆ పల్చటి పొరే.

గ్రిడ్ (వరుసలు, కాలమ్‌లతో ఉండే ఎంట్రీ పట్టిక) మేమే రాసుకోవాలా, రెడీమేడ్‌గా కొనాలా?

మీరు రాయకండి. గడిలోనే దిద్దడం, కాలమ్ ఈడ్చడం, ఎక్సెల్ నుంచి అతికించడం, వేల వరుసల్లో కనబడేవాటినే గీయడం, వీటిలో ప్రతిదీ నెలల పని. ఏజీ గ్రిడ్‌కి ఉచిత వెర్షన్ ఉంది, చాలామందికి అది సరిపోతుంది. డెవ్‌ఎక్స్‌ప్రెస్, టెలరిక్, సింక్‌ఫ్యూజన్ గ్రిడ్లు డెస్క్‌టాప్‌లో వాడినవాళ్లకు వాళ్ల వెబ్ గ్రిడ్లు కూడా తెలిసినట్టే అనిపిస్తాయి. లైసెన్సు షరతులు మాత్రం మీ కస్టమర్ల లెక్కతో కలిపి చదవండి.

ఉద్యోగం కోసం నేర్చుకుంటున్నాను. ఏది మంచిది?

రియాక్ట్, టైప్‌స్క్రిప్ట్. బెంగళూరు, హైదరాబాద్, విశాఖ ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది అదే. బ్యాంకులు, పెద్ద సర్వీసు కంపెనీల ప్రాజెక్టుల్లో యాంగ్యులర్ కూడా బాగా కనబడుతుంది.

అన్నీ చదివాను, ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. ఎలా పరీక్షించాలి?

మీ సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికన్నా మొండి స్క్రీన్ ఒకటి ఉంటుంది. పైన వివరాలు, కింద గ్రిడ్, ఒక గడి మారితే ఐదు గడులు మారేది, ఆపరేటర్ రోజుకు రెండొందల సార్లు వాడేది. దాన్నే తీసుకుని రెండు లైబ్రరీల్లో మూడేసి రోజులు కట్టండి. పనుల జాబితా, లెక్కింపు బటన్ లాంటి నేర్చుకునే ఉదాహరణల్లో అన్ని లైబ్రరీలూ అందంగానే ఉంటాయి, వాటితో ఏమీ తేలదు. కట్టిన తర్వాత రెండు వారాలు ముట్టుకోకుండా వదిలేసి మళ్లీ తెరవండి. ఏ కోడ్ చదివితే మీకు వెంటనే అర్థమైందో అది మీది. పక్కవాడికి ఏది నచ్చిందన్నది దీనికన్నా చిన్న విషయం.

## మొదటి స్క్రీన్ కట్టేటప్పుడు

టూల్‌బాక్స్ నుంచి బటన్ లాగి ఫారం మీద పెట్టే డిజైనర్ ఎక్కడుంది?

అచ్చం అలాంటిది లేదు, దానికి దగ్గరగా ఉన్నవాటిని నమ్ముకోకండి. ఎడమ నుంచి ఇంత, పై నుంచి అంత అని బిగించే పద్ధతి ఫోన్‌కీ పెద్ద మానిటర్‌కీ ఒకేసారి సరిపోదు. దాని బదులు సీఎస్ఎస్‌లో (పేజీ రూపం చెప్పే భాష) ఫ్లెక్స్, గ్రిడ్ అనే రెండు పద్ధతులు నేర్చుకోండి. ఒకే వరుసలో సర్దడానికి ఫ్లెక్స్, అడ్డం నిలువు రెండూ కావాలంటే గ్రిడ్. డబ్ల్యూపీఎఫ్‌లో మిగిలిన చోటు పంచడానికి నక్షత్రం గుర్తు వాడేవాళ్లు గుర్తుందా? సీఎస్ఎస్ గ్రిడ్‌లో "ఎఫ్ఆర్" అనే కొలత అదే పని చేస్తుంది. ఇవి రెండూ వారం రోజుల పని, ఏ లైబ్రరీకి వెళ్లినా మీతోనే వస్తాయి.

ఎంటర్ కొడితే తర్వాతి గడిలోకి వెళ్లాలి. బ్రౌజర్‌లో కుదురుతుందా?

కుదురుతుంది. మొదటి రోజే చేయాల్సిన పని ఇది.

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీకి గ్రేడింగ్ స్క్రీన్ బ్రౌజర్‌లో కట్టి ఇచ్చాను. అక్కడ ఎంట్రీ చేసే అమ్మాయి స్క్రీన్ వంక చూడదు. ఎడమ చేయి చీటీ మీద వేలు జరుపుతూ ఉంటుంది, కుడి చేయి అంకెల కీల మీద ఉంటుంది. డబ్ల్యూ 240 గ్రేడు ఎన్ని కిలోలు, ఎంటర్. డబ్ల్యూ 320, ఎంటర్. బద్ద, ఎంటర్. పాత సాఫ్ట్‌వేర్‌లో ఏళ్ల తరబడి పడిన అలవాటు. నా కొత్త స్క్రీన్‌లో మొదటి అంకె కొట్టి ఎంటర్ నొక్కింది. బ్రౌజర్‌లో ఫారం లోపల ఎంటర్ కొడితే ఫారం మొత్తం సబ్మిట్ అయిపోతుంది. ఒక్క గ్రేడు మాత్రమే ఉన్న చీటీ సేవ్ అయింది. ఆమె చూడలేదు, తర్వాతి అంకె కొట్టింది, అది ఇంకో చీటీ అయింది. మధ్యాహ్నం భోజనాల వేళకు నలభై దాకా సగం చీటీలు పోగయ్యాయి. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ కాగితంతో సరిచూసి దిద్దాం. తప్పు పూర్తిగా నాది.

అప్పటి నుంచి నేను పాటించేవి ఇవి. ఎంటర్ తర్వాతి గడికి పోతుంది, చివరి గడిలో మాత్రమే సేవ్ అడుగుతుంది. తెలుగు అక్షరాలు కొట్టేటప్పుడు సూచన ఎంచుకోవడానికి కూడా ఎంటర్ నొక్కుతారు, ఆ ఎంటర్‌ని లెక్కలోకి తీసుకోకుండా విడదీయాలి. అంకెల గడికి "నంబర్" రకం పెట్టను, ఎందుకంటే కర్సర్ అందులో ఉండగా మౌస్ చక్రం కదిలితే బరువు మారిపోవచ్చు. మామూలు టెక్స్ట్ గడి పెట్టి అంకెలు మాత్రమే ఒప్పుకునేలా చేస్తాను.

షార్ట్‌కట్ల సంగతి: ఎఫ్1, ఎఫ్3, ఎఫ్5, కంట్రోల్ ఎస్ లాంటివి మీరు పట్టుకుని సొంత పనికి వాడుకోవచ్చు. కంట్రోల్ ఎన్, కంట్రోల్ టీ, కంట్రోల్ డబ్ల్యూ మామూలు ట్యాబ్‌లో బ్రౌజర్ మీకు ఇవ్వదు. పాత సాఫ్ట్‌వేర్‌లో కొత్త బిల్లుకి కంట్రోల్ ఎన్ ఉంటే ఆ కీ మార్చాల్సిందే, ముందే చెప్పి అలవాటు చేయించండి.

మెసేజ్‌బాక్స్ పెట్టి, అవును కాదు చెప్పేదాకా కోడ్ ఆపడం ఎలా?

బ్రౌజర్ సొంత కన్ఫర్మ్ పెట్టె ఆపుతుంది గానీ అది పేజీని మొత్తం బిగించేస్తుంది, అందంగానూ ఉండదు. ఇప్పుడు హెచ్‌టీఎంఎల్‌లోనే డైలాగ్ అనే ఎలిమెంట్ ఉంది, 2022 నుంచి ప్రధాన బ్రౌజర్లన్నిటిలో పనిచేస్తోంది. దాన్ని తెరిచి, జవాబు కోసం అవెయిట్ (అది వచ్చాకే తర్వాతి వరుసకు వెళ్లమనే మాట) చేయండి. సీషార్ప్‌లో అసింక్ అవెయిట్ వాడినవాళ్లకు చదవడానికి అచ్చం పాత కోడ్‌లాగే ఉంటుంది.

పాత సాఫ్ట్‌వేర్ మొత్తానికీ కొత్తదానికీ పైసల్లో తేడా వస్తోంది. ఎందుకు?

రెండు కారణాలు ఉండొచ్చు. వీబీలో కరెన్సీ, సీషార్ప్‌లో డెసిమల్ అనే, దశాంశాలు తప్పని రకాలు వాడి ఉంటారు. జావాస్క్రిప్ట్ మామూలు అంకె ఫ్లోటింగ్ పాయింట్, దశాంశాలని ఉజ్జాయింపుగా దాస్తుంది. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. డబ్బుని పైసల్లో, బరువుని గ్రాముల్లో పూర్ణాంకాలుగా ఉంచుకోండి, చూపించేటప్పుడు మాత్రమే రూపాయలు, కిలోలు చేయండి.

రెండోది చాలామందికి తట్టదు. వీబీ 6లో రౌండ్ ఫంక్షన్ సరిగ్గా సగం వచ్చినప్పుడు దగ్గరి సరిసంఖ్యకు వెళ్తుంది. 2.5 ఇస్తే 2 వస్తుంది. సీషార్ప్‌లో కూడా మీరు వేరే చెప్పకపోతే అంతే. జావాస్క్రిప్ట్ 2.5 ని 3 చేస్తుంది. వరుసకు ఒక పైసా చొప్పున నెలాఖరుకి ఆడిటర్ అడిగేంత తేడా పోగవుతుంది. పాత నియమాన్నే కొత్త కోడ్‌లో సొంతంగా రాసి, పాత బిల్లులు వెయ్యి తీసి రెండింటిలో నడిపి పోల్చి చూడండి.

లక్షల దగ్గర కామా మాత్రం సులువు. భాషని తెలుగు-ఇండియా అని చెబితే బ్రౌజరే 12,34,567 అని చూపిస్తుంది.

తెలుగు పేర్లు గడిలో సగంలో తెగిపోతున్నాయి. ఏం చేయాలి?

"శ్రీకాకుళం" అన్న మాట మన కంటికి నాలుగు అక్షరాలు. జావాస్క్రిప్ట్ లెక్కలో పది. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం ఇలా ఒక్కోటీ విడిగా లెక్కలోకి వస్తుంది. ఇరవై అక్షరాల పరిమితి పెట్టిన ఊరి పేరు గడిలో తెలుగు పేరు పట్టకపోవడానికి కారణం ఇదే. పరిమితిని కనీసం మూడింతలు చేయండి. సర్వర్‌లో ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉంటే ఆ కాలమ్ ఎన్‌వార్‌కార్ అయి ఉండాలి, పాత వార్‌కార్ కాలమ్‌లో తెలుగు పోస్తే ప్రశ్నార్థకాలు మిగులుతాయి. పాత డేటా అను ఫాంట్లలో ఉంటే అది యూనికోడ్ కాదు, ముందే మార్పిడి చేసుకోవాలి.

## కస్టమర్ దగ్గర పెట్టేటప్పుడు

మా కస్టమర్ల దగ్గర ఇంకా విండోస్ 7 మెషీన్లు ఉన్నాయి. నడుస్తుందా?

విండోస్ 7 మీద క్రోమ్ 109 దగ్గర ఆగిపోయింది, అది 2023 జనవరి నాటిది. రియాక్ట్, వ్యూ దాని మీద నడుస్తాయి. దెబ్బ చుట్టుపక్కల నుంచి తగులుతుంది. టెయిల్‌విండ్ (సీఎస్ఎస్ సాధనం) నాలుగో వెర్షన్‌కి క్రోమ్ 111 కావాలి కాబట్టి ఆ మెషీన్ మీద స్క్రీన్ చెదిరిపోతుంది. జావాస్క్రిప్ట్‌లో జాబితాని క్రమంలో పెట్టే కొత్త ఫంక్షన్ "టూసార్టెడ్" క్రోమ్ 110లో వచ్చింది, 109లో ఎర్రర్ ఇస్తుంది. మీ లాప్‌టాప్ మీద అన్నీ బాగుంటాయి, మిల్లులో తెల్ల పేజీ వస్తుంది. క్రోమ్ 109 ఉన్న పాత మెషీన్ ఒకటి మీ టేబుల్ మీదే ఉంచుకుని ప్రతి వెర్షన్ దాని మీద తెరిచి చూడండి. ఆ విండోస్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా రావని కస్టమర్‌కి చెప్పి, మార్పించే ప్రయత్నం మానకండి.

తూకం యంత్రం, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ బ్రౌజర్‌తో మాట్లాడతాయా?

తూకం యంత్రం సీరియల్ పోర్టు మీద ఉంటే మాట్లాడుతుంది. క్రోమ్‌లో 2021 నుంచి, అలాగే ఎడ్జ్‌లో, వెబ్ సీరియల్ (పేజీ నుంచి సీరియల్ పోర్టుతో మాట్లాడే వీలు) ఉంది. మొదటిసారి ఆపరేటర్ బటన్ నొక్కి పోర్టుకి అనుమతి ఇవ్వాలి. పేజీ సురక్షిత చిరునామా (హెచ్‌టీటీపీఎస్) నుంచి గానీ అదే మెషీన్ లోకల్‌హోస్ట్ నుంచి గానీ రావాలి. ఆఫీసు సర్వర్ చిరునామా ఉత్త హెచ్‌టీటీపీ అయితే పోర్టు తెరుచుకోదు. ఇది తెలియక వైరు బాగోలేదనుకుని వైర్లు మార్చినవాళ్లు ఉన్నారు.

ప్రింటర్ దగ్గర కష్టం ఎక్కువ. బ్రౌజర్ ప్రతిసారీ ప్రింట్ పెట్టె చూపిస్తుంది. క్రోమ్‌ని కియోస్క్ ప్రింటింగ్ ఆప్షన్‌తో తెరిస్తే అడగకుండా డిఫాల్ట్ ప్రింటర్‌కి పంపుతుంది. డాట్ మ్యాట్రిక్స్‌లో ప్రింటర్ సొంత అక్షరాలతో వేగంగా కొట్టాలంటే మాత్రం అదే మెషీన్ మీద చిన్న ప్రోగ్రాం ఒకటి పెట్టి, పేజీ నుంచి దానికి సరుకు పంపించి, అది ప్రింటర్‌కి నేరుగా పంపేలా చేయండి. మీ పాత డెస్క్‌టాప్ నైపుణ్యం ఇక్కడ అచ్చంగా పనికొస్తుంది.

నెట్ పోతే పని ఆగిపోతుందా? మాది తుఫాన్ల ప్రాంతం.

బ్రౌజర్ అనగానే ఇంటర్నెట్ కావాలన్న భ్రమ మొదట పోవాలి. సర్వర్ అదే ఆఫీసు గదిలో ఉంటే బయటి లైన్ తెగినా లోపల పని సాగుతుంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ పలాస ప్రాంతాన్ని ఊడ్చేసినప్పుడు కరెంటు, ఫోన్లు ఎలా పోయాయో చూసినవాళ్లం మనం. అలాంటి ఊళ్లో సర్వర్ అంతా బయట క్లౌడ్‌లో పెట్టి మిల్లు గేటు ఆపకూడదు. సర్వర్ లోపల పెట్టి, ఇన్వర్టర్ మీద నడిపి, లైన్ ఉన్నప్పుడు బయటికి కాపీ వెళ్లేలా చేయండి. గొడౌన్లలో తిరుగుతూ ఫోన్లో ఎంట్రీ చేసేవాళ్లుంటే ఇండెక్స్‌డ్‌డీబీలో (బ్రౌజర్ లోపలి నిల్వ) దాచి తర్వాత పంపే ఏర్పాటు కావాలి. ఇద్దరు ఒకే లాట్‌ని విడివిడిగా దిద్దితే ఏది నిలవాలన్న నియమం కోడ్ రాయకముందే యజమానిని అడిగి కాగితం మీద రాసుకోండి.

బ్రౌజర్ నుంచి డేటాబేస్‌కి నేరుగా కనెక్షన్ స్ట్రింగ్ (డేటాబేస్ చిరునామా, పాస్‌వర్డు ఉండే వరుస) ఇవ్వడం ఎలా?

ఇవ్వకూడదు. బ్రౌజర్‌లోకి వెళ్లిన ప్రతి అక్షరం ఎఫ్12 నొక్కినవాడికి కనబడుతుంది, పాస్‌వర్డుతో సహా. మధ్యలో చిన్న సర్వర్ ప్రోగ్రాం ఉండాలి. మీకు వచ్చిన సీషార్ప్‌లోనో జావాలోనో రాయండి, స్క్రీన్ లైబ్రరీకీ దానికీ సంబంధం లేదు. స్క్రీన్‌లో చేసిన తనిఖీలన్నీ ఆ సర్వర్‌లో మళ్లీ చేయాలి, ఎందుకంటే స్క్రీన్‌ని దాటుకుని నేరుగా పంపడం ఎవరికైనా సాధ్యమే.

రోజంతా తెరిచి ఉంచితే సాయంత్రానికి పేజీ నత్తలా నడుస్తోంది. ఏమైంది?

స్క్రీన్ మూసినా దాని టైమర్లు, ఈవెంట్లు తొలగించకపోతే అవి వెనకాల నడుస్తూనే ఉంటాయి. స్క్రీన్ ఇరవై సార్లు తెరిస్తే ఇరవై టైమర్లు. డెల్ఫీలో సృష్టించిన ఆబ్జెక్టుని ఫ్రీ చేసినట్టే ఇక్కడా తెరిచింది మూయాలి. ప్రతి లైబ్రరీలోనూ కాంపొనెంట్ పోయేటప్పుడు నడిచే చోటు ఒకటి ఉంటుంది, శుభ్రం చేసే కోడ్ అక్కడ పెట్టండి.

పాతదంతా ఒకేసారి తీసి కొత్తది పెట్టాలా?

వద్దు. విన్‌ఫామ్స్, డబ్ల్యూపీఎఫ్ అయితే వెబ్‌వ్యూ2 అనే కంట్రోల్ మీ పాత ఫారంలోనే పెట్టి, కొత్త పేజీని దానిలో చూపించవచ్చు. ఆపరేటర్‌కి పాత సాఫ్ట్‌వేర్‌లో ఒక స్క్రీన్ మారినట్టే ఉంటుంది. ముందు రిపోర్టులు మార్చండి, వాటిలో తప్పు వచ్చినా డేటా చెడదు. తర్వాత మాస్టర్లు (సరుకులు, ఖాతాల లాంటి స్థిరమైన జాబితాలు). రోజువారీ ఎంట్రీ స్క్రీన్ అన్నిటికన్నా చివర. అది కూడా పాతదీ కొత్తదీ రెండూ రెండు వారాలు పక్కపక్కన నడిచాక.

తేదీ కూడా చూసుకోండి. విజయనగరంలో బట్టల కొట్టుకి సిరిమానోత్సవం ముందు వారంలోనో, రైస్ మిల్లుకి ధాన్యం వచ్చి పడుతున్న నవంబర్, డిసెంబర్లలోనో కొత్త స్క్రీన్ పెట్టవద్దు. ఆ రోజుల్లో ఆపరేటర్‌కి తల ఎత్తే తీరిక ఉండదు, మీరు చెప్పేది వినే ఓపికా ఉండదు. సరుకు తక్కువ వచ్చే రోజు చూసి, పొద్దున్నే వెళ్లి, వాళ్ల పక్కన కుర్చీ వేసుకుని, మొదటి యాభై ఎంట్రీలు అయ్యేదాకా లేవకండి.